పెరిగిన నూనె

మోటారులో నూనె తగ్గిందంటే దానికో అర్థముంది. పెరిగిందంటే మాత్రం మొగుడి మీద అనుమానం రావాలి. నాకొచ్చింది. వచ్చినందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు.

రేవు పక్కన రేకుల షెడ్డు నాది. పడవ వెనక తగిలించే మోటార్లు బాగుచేస్తాను. ఈ పని మా నాన్న ముందు అన్నయ్యకు నేర్పబోయాడు. అన్నయ్యకు విప్పడం వచ్చింది గాని బిగించడం రాలేదు. విప్పిన ప్రతిసారీ ఏవో రెండు మరలు మిగిలేవి. "మిగిలితే మంచిదేగా నాన్నా, బరువు తగ్గింది" అనేవాడు. నాన్న తల కొట్టుకుని పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అన్నయ్య పడవ నడుపుకోవడానికి పోయాడు. నేను కట్టుకున్నవాడూ పడవవాడే. షెడ్డుకు వచ్చే మగాళ్ళందరూ పడవవాళ్ళే అయితే ఇంకెవర్ని కట్టుకుంటాను?

ఇద్దరూ ఇదే ఏట్లో జనాన్ని దాటిస్తారు. అన్నయ్య ఎగువ రేవు నుంచి, మా ఆయన దిగువ రేవు నుంచి. అవతలి ఒడ్డున కాగితం మిల్లు ఉంది కాబట్టి ఎక్కేవాళ్ళకు కొదవ లేదు, ఆ విషయంలో పోటీ లేదు. పోటీ అంతా నూనె దగ్గరే వచ్చింది. అన్నయ్యది టూ స్ట్రోక్ మోటారు. మా ఆయనది ఫోర్ స్ట్రోక్.

తేడా ఏమిటో చెబుతాను. తెలిసినవాళ్ళు ఈలోగా టీ తాగి రండి. టూ స్ట్రోక్‌కు నూనెను పెట్రోల్లోనే కలిపి పోయాలి. ఆ నూనె లోపల ఇనుము ఇనుముతో రాసుకోకుండా కాపాడి, పెట్రోలుతో పాటే కాలి, పొగై పోతుంది. అందుకే ప్రతి ప్రయాణానికీ కొత్త నూనె కావాలి. ఫోర్ స్ట్రోక్‌లో నూనెకు అడుగున వేరే గది ఉంటుంది. మళ్ళీ మార్చేదాకా ఆ నూనే లోపల తిరుగుతూ ఉంటుంది. కాలదు, పొగ రాదు. పక్కన ఒక పుల్ల ఉంటుంది, దాని మీద రెండు గీతలు. లాగి చూస్తే తడి ఆ రెండు గీతల మధ్య ఉండాలి. అంతే సంగతి. ఇంత మాత్రానికి రెండు కొంపలు విడిపోతాయని మా నాన్న బతికుండగా ఎవరైనా చెప్పి ఉంటే పానా విసిరి కొట్టేవాడు.

మా ఆయన ఆ ఫోర్ స్ట్రోక్ కొన్న కొత్తలో ఇంట్లో మేం ముగ్గురం. ఆయనా, నేనూ, నూనె పుల్లా. పొద్దున లేచి మొహమైనా కడక్కుండా పుల్ల లాగి చూసుకునేవాడు. పడవెక్కిన ప్రతివాడికీ చూపించేవాడు. అడక్కపోయినా చూపించేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఏటి మధ్యలో దిగిపోయే వీలు కూడా లేదాయె. రేవులో అందరూ పుల్లాయన అని పేరు పెట్టేశారు. అన్నయ్యకు ముందు నుంచీ ఉన్న పేరు పొగరాయుడు.

ప్రతి ఆదివారం అన్నయ్యా వదినా మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళు. వదిన నాకు వదిన కాకముందు స్నేహితురాలు, బళ్ళో ఒకే బెంచీ. దాన్ని అన్నయ్యకు అంటగట్టింది నేనే, ఆ పాపం నాదే. ఆ ఆదివారం మా ఆయన పుల్లను తీసుకొచ్చి కంచం పక్కన పెట్టాడు. చేతిగుడ్డతో తుడిచి మరీ పెట్టాడు.

"చూడు బావా, ఇన్నాళ్ళు తిరిగినా తడి గీత దిగలేదు. చుక్క నూనె తాగలేదు!"

"నాది తాగినదానికి పని చేసి చూపిస్తుంది. నీదానిలా కడుపులో దాచుకుని కూర్చోదు," అన్నాడు అన్నయ్య నవ్వుతూనే.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. మా ఆయన నోరు ఊరుకోదు.

"నీ మోటారుకు నీ బుద్ధులే వచ్చాయి బావా. ముంతలకు ముంతలు తాగడం, ఊరి మీద పొగ వదలడం!"

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎందుకంటే మా అన్నయ్య ఒకప్పుడు తాగేవాడు. మామూలుగా కాదు. పడవ ఏ రేవులో కట్టాడో మర్నాడు వెతుక్కునేంత తాగేవాడు. మూడేళ్ళ కిందట మానేశాడు. ఒక్కసారిగా కాదు, రోజుకు కాస్త కాస్త తగ్గించుకుంటూ, పళ్ళు బిగబట్టి, చేతులు వణుకుతుంటే వదిన పట్టుకుని కూర్చుంటే, చివరికి సున్నాకు తెచ్చాడు. మా వంశంలో ఏ మగాడూ చెయ్యని పని అది. ఆ సంగతి మా ఆయనకు తెలియదా? అందరికంటే బాగా తెలుసు. ఆ రోజుల్లో వాడి పడవ కూడా ఈయనే నడిపేవాడు.

అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. "ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ గడప తొక్కను బావా," అన్నాడు.

"అదేంటి బావా, నవ్వులాటకన్నాను!"

"నాకు నవ్వు రాలేదు."

అంతే. వెళ్ళిపోయారు. నవ్వులాటకన్న మాటకు క్షమాపణేమిటని ఈయన, మాట వెనక్కి తీసుకోకపోతే మొహం చూడనని వాడు. ఎవడు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్ళు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కను. వదిన బజార్లో కనిపిస్తే కూరగాయల బండి చాటున నిలబడి మాట్లాడుకోవాల్సి వచ్చేది, ఏదో తప్పు చేసినవాళ్ళలాగా. ఆదివారం బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉండేవి. నాకు కావలసిందల్లా ఒక్కటే, ఆ కుర్చీల్లో మళ్ళీ ఆ ఇద్దరూ కూర్చోవాలి. దానికోసం బతిమాలాను, తిట్టాను, వారం రోజులు ఉప్పు లేకుండా వండాను. మా ఆయన ఉప్పు డబ్బా జేబులో పెట్టుకు తిరిగాడు గాని దిగిరాలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు షెడ్డులోకి ఎగురుకుంటూ వచ్చాడు.

"ఏమేవ్, విన్నావా? నూనె తగ్గకపోవడం కాదు, పెరుగుతోంది! అందరివీ తాగే మోటార్లే, నాది పాడి మోటారు!"

ఈ మాట అప్పటికే రేవంతా చాటించి వచ్చాడు. నేను చేతిలో పని వదిలేసి పడవ దగ్గరికి పోయి పుల్ల లాగాను. నిజమే, తడి పై గీత దాటి ఇంకా పైకుంది. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తే నీళ్ళలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన.

మోటారు నూనెను ఈనదు. ఫోర్ స్ట్రోక్‌ను సరిగ్గా వేడెక్కనివ్వకుండా గంటల తరబడి మెల్లగా నడిపితే లోపలికొచ్చిన పెట్రోలు పూర్తిగా కాలదు. మిగిలింది పిస్టను పక్కల నుంచి కిందికి జారి నూనెలో కలుస్తుంది. చూసేవాడికి నూనె పెరిగినట్టుంటుంది. నిజానికి నూనె చచ్చిపోతున్నట్టు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాడైనా ఇలా జరుగుతుంది. అందుకని మొగుణ్ణి అనుమానించే ముందు దాన్నే అనుమానించాను. విప్పి వేడినీళ్ళలో వేశాను. బుద్ధిగా తెరుచుకుంది. దాని తప్పు లేదు.

మరి తప్పెవరిది? మా ఆయన ఏరు దాటేది పూర్తి వేగంతో. అలా నడిపితే నూనె పెరగదు. అంటే ఎక్కడో, ఎవరి కోసమో, రోజూ చాలాసేపు పడవను మెల్లగా పాకిస్తున్నాడన్నమాట. ఫోర్ స్ట్రోక్ మెల్లగా పోతే పిల్లి నడిచినట్టే, చప్పుడే ఉండదు. దొంగపనులకు ఇంతకంటే పనికొచ్చే మోటారు లోకంలో లేదు. పైగా ఈమధ్య సాయంత్రం పెట్రోలుకని వెళ్ళి ఆలస్యంగా వస్తున్నాడు. చొక్కాకు మా ఇంట్లో లేని రంగు దారంతో కుట్టిన గుండీలు కనిపిస్తున్నాయి.

"ఏమండీ, సాయంత్రాలు ఎక్కడికి పోతున్నారు?"

"పెట్రోలుకి."

"పెట్రోలు బంకులో గుండీలు కూడా కుడుతున్నారా?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. తర్వాత, "నీకన్నీ అనుమానాలే," అని పుల్ల చేతిలోంచి లాక్కున్నాడు.

"ఈ నూనె మార్చాలి. ఇలాగే నడిపితే లోపల బేరింగులు అరిగి మోటారు చస్తుంది. ముందు నిజం చెప్పండి, మారుస్తాను."

"అక్కర్లేదు. అమృతంలా ఉంది," అని వెళ్ళిపోయాడు.

సరే. ఆ గుండీల సంగతేదో కుట్టినవాళ్ళనే అడుగుదామనుకున్నాను. మా ఒడ్డున దర్జీలు లేరు. అవతలి ఒడ్డున, తుంగ మొలిచిన చోట ఒక దర్జీ ఉంది. మర్నాడు సాయంత్రం మిల్లు సరుకు పడవెక్కి, దారి పొడుగునా మాటలు నూరుకుంటూ ఆమె వాకిట్లో దిగాను.

దర్జీకి అరవై ఏళ్ళుంటాయి. జుట్టు ముగ్గుబుట్ట. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో లాగు కుడుతోంది. నేను నూరుకొచ్చిన మాటల్లో సగం అక్కడే వృథా అయిపోయాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

"మా ఆయన ఇక్కడికొస్తారా?"

"వస్తాడు," అంది సూదుల మధ్య నుంచే.

"ఎందుకు?"

"గుండీలకు."

"రోజూ గుండీలేంటి?"

"తుంగలో దూరితే చొక్కా చిరగదా మరి?"

"తుంగలో ఎందుకు దూరతారు?"

దర్జీ మిషను ఆపి, నోట్లోంచి సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. తీరిగ్గా నవ్వడానికని తర్వాత అర్థమైంది.

"మీ అన్న వెనకాల పోవడానికి! రోజూ ఇదే తంతు అమ్మాయ్. మీ అన్న చివరి పడవ తీస్తాడా, మీ ఆయన తుంగ చాటున మెల్లగా, మెల్లగా, తల్లి వెనక బాతుపిల్లలాగా. ఆయన ఆగితే ఈయనా ఆగడం. ఆయన ఆ ఒడ్డు చేరాక ఈయన తుంగలోంచి బయటికొచ్చి, చొక్కా తెచ్చి గుండీలు కుట్టమంటాడు. ఈ ఒడ్డున పిల్లాజెల్లకు తెలుసు. తెలియంది నీకూ మీ అన్నకే."

సవతి ఉందని కొట్లాటకొస్తే, ఆ సవతి మా అన్నయ్య!

"ఎందుకట?" అన్నాను.

"అడిగా. 'నీకెందుకు, గుండీ కుట్టు' అన్నాడు," అంది దర్జీ, మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంటూ.

గుండె మీంచి బండ దిగింది. బండ దిగిన చోట కోపం ఎక్కి కూర్చుంది. మాట్లాడటానికి పనికిరాని మనిషి వెంటపడటానికి ఎలా పనికొచ్చాడు? ఎటూ ఇంటికి పోవాలి కదా అని అన్నయ్య చివరి పడవే ఎక్కాను.

పడవలో మిల్లులో పని దిగినవాళ్ళు, ఖాళీ గంపతో చేపలామె, బడి నుంచి వస్తున్న లెక్కల మాస్టారు ఉన్నారు. అన్నయ్య నన్ను చూసి, "ఏం చెల్లాయ్, మీ పాడి మోటారు వట్టిపోయిందా?" అన్నాడు. పడవంతా నవ్వింది. అంటే ఆ మాట ఈ ఒడ్డుకు కూడా చేరిందన్నమాట.

నేను నవ్వలేదు. వెనక్కి తిరిగి చూస్తున్నాను. అన్నయ్య పడవ వెనక ఎప్పుడూ ఉండే నీలం పొగ లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. టూ స్ట్రోక్ దగ్గర మాత్రం పొగ లేకపోతేనే నిప్పు. కాళ్ళ దగ్గరున్న పెట్రోలు డబ్బా మూత తీసి చూశాను. మేం కలిపే నూనెకు ఎర్ర రంగుంటుంది. కలిపిన పెట్రోలు గులాబీ రంగుకు తిరగాలి. ఇది తేటగా, అడుగు కనిపిస్తోంది.

"అన్నయ్యా, ఇందులో నూనేదీ?"

వాడు నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా, గర్వంగా చెప్పాడు. "మానేసింది."

"ఎవరు?"

"నా మోటారు. రోజూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చా. నేను మానినట్టే. మొదట్లో గోల చేసింది, వణికింది, మొరాయించింది. నేనూ అలాగే చేశాగా! ఓపిక పట్టా. ఇవాళ్టి డబ్బాలో చుక్క పొయ్యలేదు. పోయి మీ ఆయనకు చెప్పు, పొగరాయుడి మోటారు కూడా మానేసిందని."

తిడదామంటే వాడి మొహం చూసి నోరు రాలేదు. మందు మానిన రోజు కూడా సరిగ్గా ఇదే మొహం పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అన్నయ్యా, ఆపు. ముందు మోటారు ఆపు!"

"ఏటి మధ్యలోనా?"

ఆపాల్సిన అవసరం లేకపోయింది. మోటారు కీచుమని ఒక అరుపు అరిచి దానంతటదే బిగుసుకుపోయింది. మోటారును లేపే తాడు పట్టుకుని లాగితే తాడు కూడా కదల్లేదు. పైన వానలు పడి ఏరు నిండుగా ఉంది. దిగువ రేవుకు కిందనున్న ఆనకట్ట మీంచి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు, మోటారు ఆగాక, బాగా వినపడింది.

"లంగరు వెయ్యి!"

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎందుకుంది?"

"బరువని..." అన్నాడు.

మా నాన్న ఆ పానా నా చేతికివ్వకుండా వీడి నెత్తిన వేసి ఉండాల్సింది.

"ప్రవాహ వేగం ఇంత అనుకుంటే, ఆనకట్ట ఇంకా..." అని లెక్కల మాస్టారు మొదలుపెట్టాడు.

"మాస్టారూ, ఆ లెక్క ఇప్పుడెవరికీ వద్దు. మీ కింద పలక తీసి తెడ్డు వెయ్యండి!" అన్నాను. మిల్లువాళ్ళు కూడా పలకలు ఊడదీసి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. పడవ ముందుకు పోలేదు గాని చుట్టూ తిరిగింది.

అప్పుడు తుంగ చీల్చుకుని మా ఆయన వచ్చాడు. పాకుతూ కాదు, ముక్కు పైకెత్తిన పడవతో, పూర్తి వేగంతో. చొక్కా గుండీలన్నీ పోయాయి. దగ్గరికొచ్చి తాడు విసిరాడు. అది సరిగ్గా అన్నయ్య ఒళ్ళో పడింది. అన్నయ్య దాన్ని పామును చూసినట్టు చూశాడు. ముట్టుకోలేదు.

"కట్టు బావా!"

"మాట వెనక్కి తీసుకో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఓరి మీ బావలు మండిపోనూ!" అని లేచింది చేపలామె. "మాటలు ఒడ్డు మీద తీసుకుందురు గాని, ముందు మమ్మల్ని తీసుకుపోండి!" అని గంపతో అన్నయ్య వీపు మీద ఒక్కటేసింది. నేను వాడి ఒళ్ళోంచి తాడు లాక్కుని పడవ ముక్కుకు బిగించాను. ముడి మా నాన్న నేర్పిందే, అది జారదు.

మా ఆయన లాగాడు. తాడు బిగిసింది, పడవ నిలదొక్కుకుంది, అందరూ హమ్మయ్య అన్నారు. అంతలో పాడి మోటారు కీ కీ అని మొత్తుకోవడం మొదలుపెట్టింది. పెట్రోలు కలిసి నీళ్ళయిపోయిన నూనె రెండు పడవల బరువు దగ్గర ఎక్కడ నిలుస్తుంది? ఇలాంటప్పుడు తన ప్రాణం కాపాడుకోవడానికి ఆ మోటారు వేగాన్ని తనే తగ్గించేసుకుంటుంది. తగ్గించేసుకుంది. రెండు పడవలూ కలిసి ఆనకట్ట వైపు జారడం మొదలుపెట్టాయి.

"ఎదురు లాగకండి!" అని గొంతు చించుకున్నాను. "అడ్డంగా ఒడ్డుకు పోనివ్వండి! అదెంత ఇస్తే అంతే తీసుకోండి, పెంచకండి!"

నా మాట ఆయన విన్న సందర్భాలు తక్కువ. ఆ రోజు విన్నాడు. పడవను వాలుగా తిప్పాడు. అన్నయ్య అప్పటికి లేచి, మాస్టారి చేతిలోంచి పలక లాక్కుని, ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పిచ్చిపట్టినట్టు తెడ్డు వేస్తున్నాడు. ముందు పడవలో ఈయన, వెనక పడవలో వాడు, మధ్యలో ఆ తాడు, ఆగకుండా ఆ కీ కీ చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. భయానికే అనుకోండి. ఆనకట్ట రాళ్ళు కనిపించేంత దగ్గరికి వెళ్ళాక పడవ అడుగు బురదను రాసుకుంది. మిల్లువాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దూకి రెండు పడవల్నీ ఒడ్డుకు లాగేశారు.

అందరూ దిగి, తిట్టాల్సినవాళ్ళు తిట్టి వెళ్ళాక, ముగ్గురం బురదలో మిగిలాం.

"నువ్వా తుంగలో ఏం చేస్తున్నావు?" అన్నాడు అన్నయ్య.

"చేపలు," అన్నాడు మా ఆయన.

"గాలమేదీ?"

"కొనాలి."

నాకిక ఒళ్ళు మండిపోయింది. పడవలోకి ఎక్కి పుల్ల లాగి అన్నయ్య ముక్కు కింద పెట్టాను. "వాసన చూడు. పెట్రోలు. ఈ మహానుభావుడు రోజూ నీ వెనకాల తుంగలో పాకీ పాకీ దీన్నిలా చేసుకున్నాడు. నేనేమో ఈ వయసులో సవతిని వెతుక్కుంటూ దర్జీ ఇంటి మీద పడ్డాను. పరువు పోయింది. ఎందుకు పాకారో ఇప్పుడైనా చెబుతారా, లేక ఇద్దర్నీ మళ్ళీ ఏట్లోకి తొయ్యనా?"

మా ఆయన గుండీల్లేని చొక్కాను రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. అన్నయ్య వైపు కాకుండా ఏటి వైపు చూస్తూ మాట్లాడాడు.

"రోజూ మా రేవులోంచి నీ పొగ చూస్తా బావా. నువ్వు తాగే రోజుల్నుంచీ అలవాటు. పొగ కదులుతుంటే, సరే, ఒడ్డుకే పోతున్నాడు అనుకుని నా పడవ తీసేవాణ్ణి. మొన్నీమధ్య పొగ పలచబడింది. ఏదో చేస్తున్నావని తెలిసింది. చెబుదామంటే మనకు మాటల్లేవు. ఇంకేం చెయ్యను?"

అన్నయ్య బురదలో కాలితో గీతలు గీస్తున్నాడు.

"నూనె తగ్గించావా?" అన్నాడు మా ఆయన.

"మాన్పించా."

"నేనన్న మాటకేనా?"

అన్నయ్య తలూపాడు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. పుల్లాయన పొగరంతా ఆ బురదలో కలిసిపోయింది.

"నువ్వు మానింది మందు బావా. దానికది తిండి. తిండి మాన్పిస్తే ఎవరైనా ఇలాగే పడిపోతారు," అన్నాడు. ఈసారి అన్నయ్య వైపు తిరిగి, "ఆ రోజు అన్నది తప్పే. నువ్వు మానడం నేను కళ్ళారా చూశా. చూసినవాణ్ణి అయ్యుండీ ఆ మాటన్నా. వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు.

అన్నయ్య చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత, "లంగరు కూడా పెట్టుకోవాలంటావా?" అన్నాడు.

"పెట్టుకోకపోతే నేనే నీ మెడకు కడతా," అన్నాను.

రెండు మోటార్లూ నా షెడ్డులో పక్కపక్కనే బల్లలెక్కాయి. మా ఆయనదాంట్లో నూనె మార్చాను. బేరింగులు ఎలాగో బతికాయి. ఆదివారం రెండు కుర్చీలూ నిండాయి. వదిన వచ్చీ రాగానే పుల్ల ఎక్కడుందో వెతికి, దాన్ని బయట పడేశాక గాని కంచం ముందు కూర్చోలేదు. అన్నయ్య మోటారుకు గీతలు పడ్డ సిలిండరును లోపల నున్నగా గీయించి, కొత్త పిస్టను వేశాను. ఒక్క మర కూడా మిగల్లేదు.

కొత్త పిస్టను కుదురుకునేదాకా టూ స్ట్రోక్‌కు మామూలుకు రెట్టింపు నూనె కలపాలి. ఆ కలిపే పని మా ఆయనకిచ్చాను. పొద్దున్నే రేవులో కూర్చుని, ఎర్ర నూనెను పెట్రోల్లో పోసి, డబ్బా గుండ్రంగా తిప్పి, గులాబీ రంగు తిరిగిందా లేదా అని వెలుగులోకి ఎత్తి మరీ చూశాడు. అన్నయ్య తాడు లాగాడు. ఒక్క లాగుకే మోటారు అందుకుంది. రెట్టింపు పొగ. ఎగువ రేవు, దిగువ రేవు, నా షెడ్డు, మిల్లుకు పోవడానికి నిలబడ్డ జనం, అందరూ నీలం పొగలో మునిగిపోయారు. పడవ కదిలింది గాని, పోతున్నది వినపడటమే తప్ప కనిపించలేదు. చేపలామె గంప మొహానికి అడ్డం పెట్టుకుని ఇద్దరి వంశాలనూ తిట్టడం మొదలుపెట్టింది.

పొగలోంచి అన్నయ్య గొంతు వినపడింది.

"బావా! కనిపిస్తోందా?"

మా ఆయన దగ్గుతూ, కళ్ళు నలుపుకుంటూ, నీళ్ళ అంచుదాకా పోయి నిలబడ్డాడు. చేతిలో నూనె డబ్బా ఇంకా అలాగే ఉంది.

"కనిపిస్తోంది బావా!" అని అరిచాడు. "రేపు ఇంకాస్త పోస్తా!"